ఇత్తడి మీద నాలుగు వేళ్ళు

దుబాయ్‌లో సత్వా నుంచి దేరా దాకా ట్యాక్సీలో వస్తూ హన్మంతు మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. ఒళ్ళో మాత్రం గుడ్డలో చుట్టిన ఇత్తడి కాఫీ కూజా ఒకటుంది. దాన్ని చేత్తో పట్టుకోవడానికి ధైర్యం చాలక, మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు.

1982 వేసవి అది. సనావుల్లా కచేరీ ఒక బట్టల కొట్టు పైన చిన్న గది. నెల్లూరు నుంచి వచ్చిన సనావుల్లా అంతకు ముందు హైదరాబాదులో వేలిముద్రల శాఖలో పదహారేళ్ళు పనిచేశాడు. దుబాయ్‌లో దుకాణాల దొంగతనాలు విచారించి పెడుతుంటే, తెలుగువాళ్ళు ఆయన్ను డిటెక్టివ్ సాబ్ అనడం మొదలుపెట్టారు. సహాయకురాలు గంగాభవానిది కాకినాడ. భర్త రేవులో క్రేను నడుపుతాడు. తన కంటికి ఆననిది సార్ కంటికి ఆనుతుందని ఆమెకు గట్టి నమ్మకం.

హన్మంతు కూజాను బల్ల మీద పెట్టి, గుడ్డ విప్పి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అద్దంలా మెరుస్తున్న కూజా కడుపు మీద గోధుమరంగు చెయ్యి ముద్ర ఉంది. బొటనవేలు, మూడు వేళ్ళు, అరచెయ్యి. చిటికెనవేలు లేదు.

"ఇది రాజేశ్వర్ చెయ్యి సార్," అన్నాడు హన్మంతు. "వాడు సచ్చి ఏడు నెలలైంది."

గంగాభవాని ఇచ్చిన మంచినీళ్ళు తాగాక అతను కొంచెం కుదుటపడి సంగతంతా చెప్పాడు. అతనిది జగిత్యాల పక్క పల్లె. పొద్దున బిల్డింగు సైటులో ఇనప కమ్మీలు కట్టే పని. సాయంత్రం ఇంటి పెరట్లోని గదిలో కూజాలకు పాలిష్ పని. ముందు గరుకు కాగితంతో, తర్వాత ఇంకా సన్నటి కాగితంతో, గీత అన్నది మిగలకుండా రుద్దుతాడు. ఆపైన, పాత వాషింగ్ మెషీన్ మోటారుకు బిగించిన గుడ్డ చక్రానికి ఎర్రటి పాలిష్ సబ్బు పట్టించి, మొహం కనబడేదాకా మెరుగు పెడతాడు. ఊరివాడైన రాజేశ్వర్‌కు కూడా ఆ పని నేర్పాడు. నెల తిరగకుండానే, చక్రం మీద నుంచి కూజా ఎగిరి రాజేశ్వర్ కణతకు తగిలింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ఆ సమయంలో హన్మంతు గరుకు కాగితం కొనడానికి బజారుకు వెళ్ళాడు.

రాజేశ్వర్‌కు కుడి చిటికెనవేలు లేదు. చిన్నప్పుడే చొప్ప కోసే కత్తికి పోయింది.

ఇప్పుడు మూడు వారాలుగా ఈ ముద్రలు. సాయంత్రం శుభ్రంగా ఉన్న కూజాలను గుడ్డల్లో చుట్టి, పెట్టెలో పెట్టి, గదికి తాళం వేస్తాడు. తాళంచెవి మొలతాడుకే ఉంటుంది. గదికి కిటికీ లేదు. తెల్లవారి విప్పితే ఏదో ఒక కూజా మీద ఆ చెయ్యి.

"నేను సరిగ నేర్పలేదని వచ్చిండు సార్. వాని పానం నేనే తీసిన," అన్నాడు హన్మంతు. "గది ఇడిచిపెట్టి ఊరికి పోదామనుకుంటున్న. గని వాడు ఆడికి సుత వస్తడేమో."

సనావుల్లా భూతద్దంతో ముద్రను చాలాసేపు చూశాడు. గీతలు చెదిరిపోయి ఉన్నాయి, తడి చేత్తో అద్దినట్టు. రోజూ వస్తుందా అని అడిగాడు. శుక్రవారం తెల్లవారి ఎప్పుడూ ఉండదని హన్మంతు చెప్పాడు.

"అయితే మీ రాజేశ్వర్‌కు సెలవు రోజుందన్నమాట," అన్నాడు సనావుల్లా. "పద, గది చూద్దాం."

పెరటి గది తాళం తీసి హన్మంతు పక్కకు తప్పుకున్నాడు. లోపల బల్ల, మోటారు, చక్రం. చక్రం కింద నేల మీద ఎర్రటి సబ్బు చారలు గట్టిపడి ఉన్నాయి. కప్పు కింద పాత దుప్పటి ఒకటి పరదాలా మేకులతో కొట్టి ఉంది. అదెందుకని గంగాభవాని అడిగింది. పైన రాజేశ్వర్ నెత్తురు పడిందనీ, చూస్తే హన్మంతు తట్టుకోలేడని భోజన్న ఆ రోజే కట్టాడనీ అతను నేల చూపులు చూస్తూ చెప్పాడు.

భోజన్న కూడా ఆ ఇంట్లోనే ఉంటాడు. సైటులో కరెంటు పని. యాభై దాటినవాడు, అందరికీ పెద్దదిక్కు. హన్మంతు చేతుల మసి కడుక్కునేలోపు కూజాలను గుడ్డల్లో చుట్టిపెట్టేది ఆయనే. గురువారం మాత్రం భజనకు వెళతాడు. ఆ రోజు చుట్టేది అమీర్ జాన్. అమీర్ జాన్‌ది కడప; దుకాణం నుంచి కూజాలు తెచ్చి, మళ్ళీ పికప్‌లో పట్టుకెళ్ళే పని అతనిది.

సనావుల్లా ఇద్దరినీ విడివిడిగా అడిగాడు. అమీర్ జాన్ తనకు స్టీరింగు తప్ప ఏ యంత్రమూ తెలియదనీ, ఆ గదిలో కాలు పెట్టాలంటే ఒళ్ళు జలదరిస్తుందనీ చెప్పాడు. భోజన్న మగ్గులోని ఉప్పు నిమ్మనీళ్ళు గుక్క గుక్కగా తాగుతూ నిదానంగా జవాబిచ్చాడు. సైటులో ఎండకు అది అలవాటైందట. సాయంత్రం పూట ఆ మగ్గు ఆయన పక్కనే ఉంటుంది. పిలగాడు బెదిరిపోయాడనీ, ఆ మోటారు అమ్మేసి గది ఖాళీ చేస్తే అంతా ఖలాస్ అవుతుందనీ అన్నాడు.

వెళ్ళేముందు సనావుల్లా మోటారు వెనక మూత తీసి చూశాడు. తీగలు బిగించిన నాలుగు మరల్లో రెండింటికి ఫ్యాక్టరీలో వేసిన రంగు అలాగే ఉంది. మిగతా రెండింటి మీద అది లేచిపోయి, స్క్రూడ్రైవర్ గాట్లు రెండేసి చొప్పున కనబడ్డాయి. ఆయన మూత మళ్ళీ బిగించాడు. బండెక్కాక, ఏం కనిపెట్టారని గంగాభవాని ఉండబట్టలేక అడిగింది. శుక్రవారం రెండు నిమ్మకాయలూ కాస్త ఉప్పూ తెమ్మని మాత్రం చెప్పాడు.

ఆ శుక్రవారం పొద్దున సనావుల్లా, గంగాభవాని ముందుగా వచ్చి, హన్మంతును బయటే నిలబెట్టి గదిలో ఏదో చేసి, తాళం వేసి తాళంచెవి అతనికే ఇచ్చారు. మధ్యాహ్నం నమాజు అయ్యాక అందరూ ఆ గదిలో కూర్చున్నారు. హన్మంతు తలుపు దగ్గరే, పారిపోవడానికి వీలుగా కూర్చున్నాడు.

సనావుల్లా పెట్టెలోంచి ఒక కూజా తీసి గుడ్డ విప్పాడు. దాని మీద చెయ్యి ఉంది. చిటికెనవేలు లేదు. హన్మంతు గడప అవతల ఒక కాలు పెట్టాడు.

"భయపడకు. అది గంగాభవాని గారి చెయ్యి," అన్నాడు సనావుల్లా.

ఆయన విడమరిచి చెప్పాడు. ఉప్పు, నిమ్మరసం తడి తగిలితే మెరుగుపెట్టిన ఇత్తడి మీద వెంటనే ఏమీ తెలియదు. గుడ్డలో ఆరకుండా కొన్ని గంటలుంటే అక్కడ రంగు మారి ముద్ర తేలుతుంది. తాళం వేశాక లోపలికి ఎవరూ రాలేదు. చెయ్యి గుడ్డతోపాటే పెట్టెలోకి వెళ్ళింది. పైగా వేలు పోయినవాడి చెయ్యయితే మొండి మచ్చ కూడా పడాలి. ఇక్కడ ఆ చోటు ఖాళీ. అంటే వేలు ఉంది, మడిచి పెట్టారు.

"సుట్టేది భోజన్న గద," అన్నాడు హన్మంతు, నమ్మలేనట్టు.

"గురువారం ఆయన చుట్టడు. శుక్రవారం ముద్ర ఉండదు. ఆ మగ్గు నువ్వు రోజూ చూస్తున్నదే. కానీ నీ చేత ఈ గది ఖాళీ చేయించాలని ఆయనకెందుకు?"

సనావుల్లా స్టూలెక్కి దుప్పటి లాగేశాడు. తెల్లటి కప్పు మీద ఎర్రటి గీత ఒకటి, చక్రానికి సరిగ్గా పైన. హన్మంతు కళ్ళు మూసుకున్నాడు. సనావుల్లా చాకుతో కాస్త గీకి, అగ్గిపుల్ల వెలిగించి దగ్గర పెట్టాడు. అది మైనంలా కరిగి జారింది.

"ఏడు నెలల నెత్తురు నల్లబడి ఉండాలి. ఇది నీ పాలిష్ సబ్బు. నీ చక్రం ముందువైపు కిందికి తిరుగుతుంది, సబ్బును నేలకు కొడుతుంది. ఆ ఒక్క రోజు పైకి కొట్టింది. సబ్బును కప్పుకు, కూజాను రాజేశ్వర్ కణతకు. మోటారులో రెండు తీగలు తారుమారైతే చక్రం ఎదురు తిరుగుతుంది. ఆ వేగంలో చూస్తే తేడా తెలియదు. రెండు మరల మీద రెండేసి గాట్లున్నాయి. ఒకసారి తారుమారు చేసినవి, ఇంకోసారి సరిచేసినవి."

అందరి చూపూ ఆ ఇంట్లో కరెంటు పని తెలిసిన ఒక్కడి మీదికి మళ్ళింది.

 భోజన్న ఒక్కొక్క ముక్కగా చెప్పాడు. ముందు రోజు ఒక తీగ కాలితే రాజేశ్వరే బాగుచేయమన్నాడు. కంపెనీ బస్సు హారన్ కొడుతోంది. బిగించాడే గాని తిప్పి చూడలేదు. మర్నాడు అందరూ రాజేశ్వర్‌ను మోసుకుని పరుగెత్తితే, తను వెనక నిలబడి తీగలు సరిచేశాడు. దుప్పటి కట్టాడు. రాజేశ్వర్‌కు పని చాతగాకనే పోయాడని ఊరికి కబురు చేయించింది తనే. ఇప్పుడు రాజేశ్వర్ భార్య లింగవ్వ తమ్ముడు వచ్చే నెల ఈ ఇంటికే వస్తున్నాడు. అతను మోటార్లకు తీగ చుట్టి బాగుచేసేవాడు. ఆ గీత చూస్తే ఇట్టే పసిగడతాడు. అతను వచ్చేలోపు గది ఖాళీ అయితే సున్నం కొట్టించేద్దామనుకున్నాడు.

"నిన్ను చంపుదామని గాదు బిడ్డా," అన్నాడు హన్మంతుతో. "పోలీసులు పట్టుకపోతరని భయమైంది. భయంతోటి గీ పని జేసిన."

తప్పు తీగ బిగించడం పొరపాటే కావచ్చు, దాచడం మాత్రం నేరమేననీ, పోలీసు కచేరీకి తానే వెంట వస్తాననీ సనావుల్లా చెప్పాడు. భోజన్న ఒప్పుకుని లేచాడు. అమీర్ జాన్ పికప్ తీయడానికి వెళ్ళాడు.

హన్మంతు లేచి లోపలి గదిలోంచి, ఊరికి కబుర్లు నింపి పంపే టేప్ రికార్డరు తెచ్చి, చక్రం పక్కన పెట్టి, కొత్త క్యాసెట్ వేశాడు.

"లింగవ్వకు చెప్పిపో. వాడు పని వచ్చినోడే అని చెప్పు."

భోజన్న రికార్డరు ముందు కూర్చున్నాడు. హన్మంతు వైపు చూశాడు.

"తీగల సంగతి నేను మాఫ్ జేస్తనే," అన్నాడు హన్మంతు. "నువ్వు బస్సుకు ఉరికినవ్, నేను బజారుకు పోయిన. గని వాని చెయ్యి తెచ్చి నాకు చూపెట్టినవ్ చూడు, రోజూ, ఏలు మడిచి. అది మాత్రం మాఫ్ జెయ్య."

అతను బటన్ నొక్కాడు. క్యాసెట్ తిరగసాగింది. భోజన్న మాటలు రాసుకుంటున్న కాగితాలను గంగాభవాని కింద పెట్టేసింది. భోజన్న ముందు తన పేరు చెప్పాడు.