బెల్లం బోణీ

తెల్లారి అయిదింటికల్లా మల్లికార్జునం స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, అంగడి తాళంచెవి కోసం కేకేశాడు. వంటింట్లో కోడలు శ్రీవిద్య నవ్వుకుంది. నెల క్రితం ఈ మనిషే మంచం దిగలేదంటే ఎవరు నమ్ముతారు?

కొడుకు నాగార్జున ఆత్మకూరు బస్టాండు దగ్గర పెద్ద అంగడి పెట్టి, "ఇంక విశ్రాంతి తీసుకో నాయనా" అన్నాడు. ఆ విశ్రాంతే కొంప ముంచింది. డెబ్బైనాలుగేళ్ల మనిషి ముద్ద ముట్టడం మానేశాడు. పరీక్షలన్నీ చేసి, జబ్బేమీ లేదన్నాడు డాక్టరు. శ్రీవిద్య ఊరుకోలేదు. ఇంటి ముందున్న పాత అంగడి గది తెరిపించి, నాలుగు సరుకులు పెట్టించింది. కానీ ఆ సందులో గిరాకీ ఎక్కడిది? అందుకే పూలమ్మే శీనమ్మకు డబ్బిచ్చి రోజూ పొద్దున్నే అరకిలో బెల్లం కొనిపించేది. బోణీ అయితే చాలు, మామగారి ముఖం వెలిగిపోయేది. దోసెలు మూడు లోపలికి పోయేవి.

చిక్కల్లా ఆ బెల్లం పెరటి దారిన మళ్లీ ఇంటికే రావడం.

ఆ రోజు నాగార్జున కాఫీపొడి కోసం డబ్బా తీస్తే బెల్లం. పక్కది తీసినా బెల్లమే. నిలదీస్తే శ్రీవిద్య జరిగిందంతా చెప్పేసింది.

"రోజూ పాయసం ఎందుకా అనుకున్నాను! ఇదంతా నాటకమని తెలిస్తే నాయన మళ్లీ మంచమెక్కడా?"

"ఎవరో ఒకరు వస్తారన్న ఆశతోనే గదా లేస్తా ఉండాడు! అది కూడా లేకపోతే ఆయన మనకు దక్కుతాడా?" అంది శ్రీవిద్య.

గుమ్మంలో దగ్గు వినిపించింది. మల్లికార్జునం!

"మూడోరోజే తెలిసిందిలేరా. నలభై ఏళ్లు అమ్మినాను. నా అంగడి బెల్లం నా పాయసంలో తెలుసుకోలేనా?"

"కోపం రాలేదా నాయనా?"

"వచ్చింది. మర్నాడు లేవకూడదనుకున్నాను. చూస్తే అయిదింటికే వంటింట్లో లైటు. నేను లేస్తానని ఈ బిడ్డ నాకంటే ముందే లేచి కాసుకోనుండాది. ఆ ఆశను బోణీ కాకుండా ఎట్ట పంపించేదిరా?"

శ్రీవిద్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"ఏడవబాకమ్మా. రేపట్నించి మాత్రం చింతపండు కొనిపించు. తీపి తినలేక చస్తా ఉండాను!"

మర్నాడు శీనమ్మ రాలేదు. సంచీతో శ్రీవిద్యే వచ్చి నిలబడింది. "బోణీ మామయ్యా! చింతపండు పావుకిలో."

వెనకాల ఇంకో సంచీతో నాగార్జున.

మల్లికార్జునం కళ్లు తుడుచుకుని తక్కెడ అందుకున్నాడు.

"తోసుకోబాకండి, వరసలో రండి!"