దారితప్పినోళ్ళ గది

మేధ నేలమీద చతికిలబడిపోయింది. ఎదురుగా తెల్లగోడ, పక్కన ఇంకో తెల్లగోడ. ఎటునుంచి వచ్చిందో, ఎటు పోవాలో తెలియడం లేదు. ఈ గదికి ప్లాన్ గీసింది తనే. అయినా ఇప్పుడు తలుపు ఎక్కడుందో గుర్తు రావడం లేదు.

"డాక్టర్ గారూ, ఆపేయండి!"

పైకప్పుకు బిగించిన లోహపు చక్రం చప్పుడు ఆగింది. మరుక్షణమే అంతా తేటపడింది. తలుపు చేతికందేంత దగ్గర్లోనే ఉంది.

విశాఖలో ఇప్పుడు దారి తప్పడమంటే ఏమిటో ఎవరికీ తెలియదు. అందరి చెవి వెనకా చిన్న పూస ఉంటుంది. ఎటు తిరగాలో, ఏ మెట్టు దిగాలో అదే చెబుతుంది. అరవై ఏళ్ల కిందట ఆ పూసలు కొత్తగా వచ్చినప్పుడు కొందరు కుర్రకారు వాటిని పీకి సముద్రంలో పారేశారు. కనిపించిన బస్సెక్కి, తోచినచోట దిగి, దారినపోయేవాళ్ళని అడుగుతూ తిరిగేవారు. జనం వాళ్ళని 'దారితప్పినోళ్ళు' అని వెక్కిరిస్తే, ఆ పేరే చొక్కాలమీద రాసుకున్నారు. లైబ్రరీలో వాళ్ళమీద ఎగ్జిబిషన్ పెట్టే పని మేధది. ఫొటోలు, కరపత్రాలు, రంగులు వెలిసిన ఆ చొక్కాలు దొరికాయి. కానీ చూడ్డానికొచ్చే కుర్రాళ్ళకి ఆ అనుభవం కూడా కలగాలని ఆమె పట్టుదల. అందుకే మెదడు డాక్టర్ జోయెల్‌ని పట్టుకుంది.

"మెదడులో కొన్ని కణాలుంటాయి," అని జోయెల్ మొదట్లోనే వివరించాడు. "ఒక్కోటీ ఒక్కో చోటుని గుర్తుపెట్టుకుంటుంది. అన్నీ కలిస్తే మ్యాప్ అవుతుంది. ఈ చక్రంలోంచి వచ్చే అల్ట్రాసౌండ్ వాటిని కాసేపు నిద్రపుచ్చుతుంది. లోపల పూస కూడా పలకదు. అంతే."

ఇప్పుడు మేధ మంచినీళ్ళు తాగి, "మెషీన్ బాగానే పనిచేస్తోంది. కానీ ఇందులో భయం తప్ప ఏముంది? ఫొటోల్లో వాళ్ళంతా నవ్వుతున్నారు కదా!" అంది.

"నవ్వు సంగతి నాకు తెలియదమ్మా," అన్నాడు జోయెల్ నిజాయితీగా.

ఆనాటి దారితప్పినోళ్ళలో ఇంకా ఊళ్ళో ఉన్నది ఆద్యమ్మ ఒక్కరే. ఎనభై దాటాయి. మేధ ఫోన్ చేస్తే కూతురు నిహల మాట్లాడింది.

"అమ్మకి మతిమరుపు జబ్బండీ. సొంత ఇంట్లోనే వంటగది ఎటో తెలియట్లేదు. పూస పెడితే పీకేస్తోంది. నేను పదిసార్లు చెప్పి, విసిగిపోయి, అరిచేస్తున్నాను. మీకేం చెప్పగలదు?"

అయినా తీసుకొచ్చింది. ఆద్యమ్మ ఫొటోలన్నీ చూసింది. తన ఫొటో ముందు మాత్రం ఆగలేదు. మేధ, జోయెల్, నిహల మాటల్లో ఉండగానే తెరిచి ఉన్న తలుపులోంచి గదిలోకి నడిచేసింది. చక్రం తిరుగుతోంది.

"అమ్మా!" అంటూ నిహల వెనకే పరుగెత్తింది.

నాలుగడుగులు వేసి ఆగిపోయింది. గోడల్ని తడుముతూ గుండ్రంగా తిరిగి, ఏడుపు గొంతుతో "ఎవరైనా ఉన్నారా?" అంది. జోయెల్ స్విచ్ మీద చెయ్యి వేశాడు. అప్పటికే గోడ మలుపులోంచి ఆద్యమ్మ వచ్చింది.

"ఏటమ్మా, తప్పిపోయావా? మొదట్లో నేనూ ఏడ్చాను. చెయ్యి ఇలా ఇవ్వు. ఎవరో ఒకరు కనబడతారు, అడుగుదాం."

జోయెల్ స్విచ్ నొక్కలేదు. తల్లీకూతుళ్ళు ఆ గోడల మధ్య మెల్లగా నడిచారు. ఆద్యమ్మ ఏదో చెబుతోంది. కాసేపటికి నిహల నవ్వడం వినిపించింది. బయటికొచ్చాక ఆమె గోడకానుకుని నిలబడి, "అమ్మకి రోజంతా ఇలాగే ఉంటుందా?" అని అడిగింది.

"దాదాపు ఇలాగే," అన్నాడు జోయెల్.

తల్లి చెయ్యి మాత్రం నిహల వదల్లేదు.

మేధ ఒక్క మార్పు చేసింది. ఆ గదిలోకి ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదు. ఎగ్జిబిషన్ తెరిచారు. కుర్రాళ్ళ కోసం కట్టిన ఆ గదికి కుర్రాళ్ళు ఒకసారి వచ్చి, ఒళ్ళు జలదరించి, బయటపడగానే పూస సరిచూసుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ మళ్ళీ వచ్చింది మాత్రం మతి తప్పుతున్న పెద్దవాళ్ళు, వాళ్ళని వెంటబెట్టుకొచ్చిన కొడుకులు, కూతుళ్ళు. ఎగ్జిబిషన్ ముగిసి ఫొటోలు, చొక్కాలు పెట్టెల్లో సర్దేశాక కూడా ఆ వరస తగ్గలేదు. లైబ్రరీవాళ్ళు ఆ గదిని అలాగే ఉంచేశారు.

ఒక సాయంత్రం మేధ ఆ తలుపు పక్కనుంచి వెళ్తుంటే లోపల్నించి ఆద్యమ్మ గొంతు వినబడింది. పడుచుపిల్ల గొంతులా హుషారుగా ఉంది.

"ఇంతసేపు కలిసి తిరిగాం, పేరే అడగలేదు చూడు. నీ పేరేంటమ్మా?"

"నిహల."

"భలే ఉంది! నాకు కూతురు పుడితే ఆ పేరే పెడతాను."

లోపల నడుస్తున్న అడుగులు ఆగాయి.

"తప్పకుండా పెట్టండి," అంది నిహల.