రేపల్లె బండిలో కలలు చెప్పే పిల్ల

వేమూరులో రేపల్లె ప్యాసింజర్ ఎక్కి కూర్చున్నానో లేదో, ఎదురు సీట్లో అమ్మాయి నా వైపు చూసింది. తల తిప్పుకుని కిటికీలోంచి పొలాలు చూసింది. మళ్లీ నా వైపు చూసింది.

నా అందం మీద నాకెప్పుడూ అనుమానం లేదు గానీ, ఇంత త్వరగా ఫలిస్తుందనుకోలేదు. మర్నాడూ అదే వరస. మూడోరోజు క్రాపు సరిచేసుకుని అడిగేశాను.

"ఏంటండి, రోజూ అలా చూస్తున్నారు?"

"మిమ్మల్ని కాదండి. మీ బ్యాడ్జీని."

నా చొక్కాకి విత్తనాల కంపెనీ బ్యాడ్జీ ఉంది. దాని మీద 'కృష్ణకాంత్' అని నా పేరు.

"ఒకసారి చదివి, తల తిప్పి, మళ్లీ చదవాలండి. అక్షరాలు మారితే కల, మారకపోతే మెలకువ. చేతి వేళ్లు లెక్కపెట్టుకున్నా తెలుస్తుంది, కలలో ఆరో ఏడో ఉంటాయి. పగలు అలవాటైతే రాత్రి కూడా చూసుకుంటాం. ఇది కల అని కలలోనే తెలిసిపోద్ది. లూసిడ్ డ్రీమ్ అంటారు."

"అంటే నన్ను చూడలేదా?"

"బ్యాడ్జీ వెనకాల మీరున్నారు. ఏం చేస్తాం?"

నా పరువు భట్టిప్రోలులో దిగిపోయింది. నేను మాత్రం రేపల్లె దాకా ఆమెతో మాట్లాడుతూనే ఉన్నాను.

ఆమె పేరు తేజస్వి. తెనాలి పిల్ల, రేపల్లెలో ల్యాబ్ టెక్నీషియన్. వాళ్ల నాన్న పాండురంగారావు గారు పద్య నాటకాలకి హార్మోనియం వాయిస్తారు. నిరుడు పోటీల్లో ఆమె రాణి వేషం వేసి, పద్యం సగంలో మర్చిపోయింది. నాన్న హార్మోనియం ఒక్కటే మోగుతుంటే తెర వెనక్కి వెళ్లిపోయింది. అప్పట్నుంచి నిద్రలో అదే జనం, అదే మైకు, అదే రాని పద్యం.

"కల అని తెలిస్తే భయం ఉండదు కదండి. అక్కడే నిలబడి పద్యం పూర్తిచేస్తా. బాపట్ల పోటీలకి అదే నా రిహార్సల్. ఈసారీ ఆగిపోతే ఇక ముఖానికి రంగేసుకోను" అంది.

వచ్చిన కలల్ని పొద్దున్నే రాసుకోవాలట. ఆమెకి రాయడమంటే బద్ధకం. "మీకు చెప్తాను, గుర్తుపెట్టుకోండి" అంది. అలా నాకు రెండో ఉద్యోగం దొరికింది. జీతం లేదు గానీ, వాళ్లమ్మ శకుంతల గారి పెసరట్టులో సగం వచ్చేది.

వానాకాలమంతా కలలు వింటూనే గడిచింది. కిటికీ షట్టరు పడక, రైల్లోనే ఇద్దరం ఒక్క గొడుగు వేసుకుని కూర్చున్న రోజులున్నాయి. ఆ షట్టరు బాగుచేయించమని నేనెవరికీ చెప్పలేదు.

ఓ పొద్దున ఆమె ముఖం వేలాడేసుకుని వచ్చింది.

"మానేస్తున్నానండి. రాత్రి వేళ్లు చూసుకుంటే ఆరున్నాయి. కల అని తెలిసింది. ఆ సంబరానికే మెలకువ వచ్చేసింది. ఇన్నాళ్ల పాట్లు ఇందుకా?"

నాకు కోపం వచ్చింది.

"మొదట్లో మీకు కలలే గుర్తుండేవి కాదు. తర్వాత ముక్కముక్కలుగా చెప్పారు. తర్వాత ముందు వరసలో వాళ్ల ముఖాలు కూడా చెప్పారు. రాత్రి కల అని పట్టేశారు. మీరు మర్చిపోయారేమో, విన్నవాణ్ని నేను మర్చిపోలేదు. నారు పోసిన మర్నాడే కొడవలి పట్టుకొచ్చే రైతుని నేనెక్కడా చూడలేదండి."

ఆమె తన అరచెయ్యి చూసుకుని వేళ్లు లెక్కపెట్టుకుంది. మానలేదని నాకు అర్థమైంది.

చివరికి ఓ రోజు నేను బండి ఎక్కుతుండగానే చెప్పేసింది.

"రాత్రి కలలో పాడానండి, చివరిదాకా."

ఆ గర్వం ఎవరితో పంచుకోవాలో తెలియక టికెట్ కలెక్టర్‌తో చెప్పాను. ఆయన నా పాసు రెండుసార్లు చూశాడు.

బాపట్లలో పోటీలకి పొలాల మీద నుంచి నేరుగా వెళ్లాను. మా వైపు జనానికి పద్యం నచ్చితే వన్స్‌మోర్ అంటారు. నచ్చకపోతే దగ్గుతారు. తేజస్వి రెండో పాదం దగ్గర ఆగిపోయింది. హార్మోనియం ఒంటరిగా మోగింది. పాండురంగారావు గారు తల ఎత్తలేదు. ఎవరో దగ్గారు.

తేజస్వి అరచెయ్యి ఎత్తి చూసుకుంది. ఒక్కో వేలూ లెక్కపెట్టుకుంది. చిన్నగా నవ్వింది. పద్యం ఎత్తుకుని, రాగం చివరిదాకా తీసి వదిలింది.

మొదటి వన్స్‌మోర్ నాదే కావాలనుకున్నాను. నాకంటే ముందు అది హార్మోనియం దగ్గర్నుంచి వచ్చింది.

నాటకం అయ్యాక తెర వెనక్కి వెళ్లాను.

"వేళ్లు ఆరున్నాయా?" అన్నాను.

"అయిదేనండి. కల అని తెలిసి పాడటంలో గొప్పేముంది? నిజమని చూసుకుని పాడాను."

ఆ మాటకి నా ఛాతీ పొంగింది. ఆ ఊపులోనే చెప్పేశాను.

"మీతో పాటు చూసుకుని చూసుకుని నాకూ ఓ లూసిడ్ కల వచ్చిందండి. అందులో మీరున్నారు. ఏం చెప్పినా అడిగేవాళ్లు లేరు."

"ఏం చెప్పారు?"

"చెప్పలేదు. మెలకువలో చెప్పాలని దాచుకున్నా. మిమ్మల్ని పెళ్లి చేసుకోవాలని ఉంది."

పక్కన హార్మోనియం పెట్టె మూస్తున్న పాండురంగారావు గారి చేతులు ఆగిపోయాయి.

తేజస్వి నా బ్యాడ్జీ వైపు చూసింది. తల తిప్పుకుంది. మళ్లీ చూసింది.

"ఏంటమ్మా?" అన్నారాయన.

"పేరు మారలేదు నాన్నా, నిజమే" అంది. రంగు వేసిన ముఖంలోనూ సిగ్గు తెలిసింది.

ఆయన పెట్టె పక్కన పెట్టి, నన్ను ఎగాదిగా చూసి, "వన్స్‌మోర్" అన్నారు.

మళ్లీ చెప్పాను.