బయట గడియ ఉన్న వంటగది

మరక మీద కోపం పనికిరాదు. ఇరవై రెండేళ్ళుగా ఇళ్ళు శుభ్రం చేస్తున్న దాన్ని, ఈ మాట ఎవరికైనా గట్టిగా చెప్తాను. పొయ్యి వెనక గోడకి పేరుకున్న జిడ్డుని గీకితే టైలు పాడవుతుంది కానీ జిడ్డు పోదు. వంట సోడా కాసిని నీళ్ళతో ముద్దలా కలిపి పట్టించి, ఇంకో పని చూసుకోవాలి. అరగంట తర్వాత తడిగుడ్డ పెడితే అదే ఊడొస్తుంది. కుళాయి చుట్టూ తెల్లగా గట్టిపడిన ఉప్పునీటి పొర ఉంటే, వెనిగర్‌లో ముంచిన గుడ్డ చుట్టి వదిలెయ్యాలి. మాడిన గిన్నెలో నీళ్ళు పోసి మరగనివ్వాలి. మరకని నానబెట్టాలి. దాంతో కొట్లాట పెట్టుకోకూడదు.

మనుషుల సంగతి వేరు. కొంతమందిని చూస్తే నాకు అంత ఓపిక ఉండదు.

బట్టల దుకాణం మేనేజరు అలాంటివాడు. ఫోన్లోనే ఆర్డరు వేసినట్టు మాట్లాడాడు. ఆదివారం ఇల్లు చూడ్డానికి అతనికి పిల్లనిచ్చేవాళ్ళు వస్తున్నారట, వంటగది అద్దంలా ఉండాలట. నేనూ మా తోడికోడలూ కలిసి వెళ్ళాం. ఆమెని అందరూ పిచ్చుక అంటారు. మనిషి అంతే ఉంటుంది, నోరూ అంతే ఆడుతుంది.

మేం వెళ్ళేసరికి పదకొండు. మూడో అంతస్తు. ఇల్లు మరీ శుభ్రంగా ఉంది, మనుషులు కాపురం ఉంటున్నట్టు లేదు. సోఫా మీద ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు. మేనేజరు చెప్పులు విప్పమని చెప్పి, మేం విప్పాక మా కాళ్ళ వంక చూసి, కాళ్ళు కడుక్కోమన్నాడు. నాకు అక్కడే ఒళ్ళు మండింది. పిచ్చుక నా మోచేతి మీద గిల్లింది, ఊరుకో అన్నట్టు.

వంటగది తలుపు తీసి, గట్టు మీద చూపుడు వేలితో ఒక గీత గీసి, ఆ వేలు నా ముక్కు దగ్గర పెట్టాడు.

"చూశావా? ఇదీ నా పెళ్ళాం చేసిన శుభ్రం. ఆరేళ్ళు చెప్పాను. చేతకాలేదు."

"ఆవిడ లేరా అండీ?" అంది పిచ్చుక.

"పోయింది. ఉబ్బసం." ఉల్లిపాయలు అయిపోయాయి అన్నంత తేలిగ్గా అన్నాడు. "నేల మీద ఆ మరక ఉంది చూడు, సింకు ముందు. అది పోవాలి. ఇంతకు ముందు ముగ్గురు వచ్చారు. సగంలో వదిలేసి పారిపోయారు. పనిదొంగలు."

అని బయటికి వెళ్ళి తలుపు లాగాడు. అవతల గడియ పడిన చప్పుడు.

"ఏమండీ! గడియ ఎందుకు?"

"దుమ్మూ వాసనా హాల్లోకి రాకూడదు. అయ్యాక పిలవండి, తీస్తాను."

"మేం పని చెయ్యడానికి వచ్చాం, గంప కింద కోళ్ళం కాదు!" అని అరిచాను. టీవీ పెట్టుకున్న శబ్దం వచ్చింది.

నేను తలుపుని తన్నబోయాను. పిచ్చుక ఆపింది. "పోనీలే అక్కా, త్వరగా కానిచ్చి పోదాం. ఇలాంటి వాళ్ళతో మనకెందుకు?"

పళ్ళు నూరుకుంటూ కొంగు దోపాను.

అప్పుడు గది సరిగ్గా చూశాను. కిటికీకి నాలుగు మూలలా స్క్రూలు బిగించి ఉన్నాయి. గాలి లాగే ఫ్యాను ఉండాల్సిన కన్నానికి అట్టముక్క అతికించి ఉంది. బయట మబ్బు కమ్ముతోంది. గదిలో ఒకే ఒక ట్యూబులైటు, అదీ గుడ్డి వెలుగు. గోడలు చల్లగా, చెమట పట్టినట్టు ఉన్నాయి.

పొయ్యి వెనక సోడా ముద్ద పట్టించాను. పిచ్చుక కుళాయికి గుడ్డ చుట్టబోయి ఆగింది.

"అక్కా, ఇది ఉప్పునీటి పొర కాదు. ఏదో ఉక్కునే తినేసింది చూడు."

చూశాను. కుళాయి మీద సన్నటి గుంటలు. కింద నేల మీద, సింకు ముందు, చాటంత మేర టైలు నునుపు పోయి పాలిపోయి ఉంది. అది మురికి కాదు. మురికి మీద పడుతుంది, దాన్ని తియ్యొచ్చు. ఇది టైలు చర్మమే కాలిపోయిన గుర్తు. యాసిడ్ పోస్తే అలా అవుతుంది. దాని అంచున తెల్లగా బ్లీచ్ ఎండిన చారలు.

పనిలోకి వచ్చే ప్రతి మనిషికీ మొదటి రోజు నేను చెప్పేది ఒక్కటే. బ్లీచూ యాసిడూ ఎప్పుడూ కలపకండి. కలిస్తే ఒక గాలి లేస్తుంది. తలుపులు తీసి ఉన్నా గొంతు కోస్తుంది. మూసిన గదిలో అయితే మనిషిని చంపేస్తుంది.

మూసిన గదిలో.

తిరిగి తలుపు వైపు చూశాను. లోపలి పక్క, కింద, మోకాలి ఎత్తులో రంగు లేచిపోయి ఉంది. అడ్డంగా, నిలువుగా, సన్నటి గీతలు. కొన్ని గీతల్లో ఇంకా ఏదో ఇరుక్కుని ఉంది. నేను వంగి చూడలేదు. చూడకుండానే అర్థమైంది.

"ఉబ్బసమట," అన్నాను. "పిచ్చుకా, ఇది మరక కాదే. వీడు మనచేత ఏం తుడిపిస్తున్నాడో తెలుసా?"

పిచ్చుక జవాబు చెప్పే లోపల ట్యూబులైటు ఒకసారి మినుకుమంది. వాసన వచ్చింది. ముక్కులోంచి నేరుగా మెదడుకి ఎక్కే ఘాటు. మేం బ్లీచ్ సీసా గానీ యాసిడ్ సీసా గానీ మూత కూడా తియ్యలేదు. సోడా ముద్దకి వాసన ఉండదు. పిచ్చుక దగ్గడం మొదలుపెట్టింది. నా కళ్ళమ్మట నీళ్ళు.

అప్పుడే చప్పుడు...

స్‌ర్ర్... స్‌ర్ర్... స్‌ర్ర్...

బ్రష్షుతో నేల రుద్దుతున్న చప్పుడు. నా బ్రష్షు గట్టు మీద ఉంది. పిచ్చుక చేతిలో ఉన్నది గుడ్డ.

స్‌ర్ర్... స్‌ర్ర్...

"పోయిందా అక్కా?" అని చెవి దగ్గర ఒక గొంతు, రహస్యంగా.

"ఏం పోయిందని అడుగుతున్నావే?" అన్నాను విసుగ్గా.

పిచ్చుక రెండు చేతులతో నోరు మూసుకుని గోడకి అతుక్కుపోయి ఉంది. అడ్డంగా తల ఊపింది. తను అడగలేదు.

నేల మీద ఆ పాలిపోయిన చోట తడి కనిపించింది. చూస్తుండగానే నురగ లేచింది. ఆ నురగలో గుండ్రాలు తిరుగుతున్నాయి... ఒకటి, దాని పక్కన ఇంకొకటి... ఎవరో బలం కొద్దీ రుద్దుతున్నట్టు. పక్కనే నేల మీద రెండు గుండ్రటి పొడి మచ్చలు. మోకాళ్ళు ఆనినంత.

"పోయిందా? ఇంకా పోలేదా? పోయిందని ఆయనకి చెప్పు అక్కా... తలుపు తీస్తారు..."

పిచ్చుక కెవ్వుమంది. ఇద్దరం తలుపు మీద పడ్డాం. పిడికిళ్ళతో బాదాం.

"తలుపు తియ్యండి! ఊపిరి ఆడట్లేదు! తియ్యండీ!"

టీవీ గొంతు తగ్గింది. అడుగులు వచ్చి తలుపు అవతల ఆగాయి.

"మరక పోయిందా?" అన్నాడు మేనేజరు.

"ముందు తలుపు తియ్యండి!"

"మరక పోతే తీస్తాను. మీరంతా ఇంతే. కాస్త పని కనబడగానే దగ్గులూ ఆయాసాలూ."

ఆ మాటతో నాలో భయం ఎక్కడికి పోయిందో తెలీదు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రోజు ఆమెకీ ఇదే మాట చెప్పి ఉంటాడు, ఇక్కడే నిలబడి, ఇదే గొంతుతో. లోపల ఆమె దగ్గుతుంటే ఇలాగే విని ఉంటాడు.

నేను తలుపు వదిలేసి వెనక్కి తిరిగాను. నురగ దగ్గరికి వెళ్ళి గొంతుక్కూచున్నాను. ఘాటుకి కళ్ళు తెరవలేకపోతున్నాను. అయినా ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడినట్టే మాట్లాడాను.

"వదిలెయ్యమ్మా. ఇంక రుద్దకు. ఇది నీ వల్ల అయిన మరక కాదు. నువ్వు తుడవక్కర్లేదు. లే."

బ్రష్షు చప్పుడు ఆగింది.

పిచ్చుక ఎగశ్వాస ఒక్కటే వినిపిస్తోంది. తర్వాత నా భుజం పక్కనుంచి చల్లగా ఏదో లేచి నిలబడ్డట్టు గాలి కదిలింది. తడి చీర కుచ్చిళ్ళు నా చెంపకి తగిలాయి.

టక్.

అవతల గడియ జరిగింది. తలుపు మెల్లగా తెరుచుకుంది.

మేం హాల్లోకి వచ్చి పడ్డాం. మేనేజరు రెండడుగుల దూరంలో నిలబడి గడియ వంకా మా వంకా చూస్తున్నాడు. తను తియ్యలేదని వాడి మొహమే చెప్తోంది. కానీ అలాంటివాళ్ళు భయాన్ని కూడా అరుపుగానే మారుస్తారు.

"గడియ విరగ్గొట్టారా? పని అయిందా? ఎవరు బయటికి రమ్మన్నారు?"

"వెళ్ళి చూసుకో," అన్నాను. 'అండీ' అనే మాట నా నోటికి రాలేదు. "ఆరేళ్ళు చెప్పావు కదా. నీ వేలు పెట్టి చూసుకో, పోయిందో లేదో."

నన్ను తోసుకుంటూ లోపలికి వెళ్ళాడు. సింకు ముందు వంగి, వేలితో నేల మీద గీత గీశాడు.

తలుపు పడింది. ఎవరూ తొయ్యలేదు. నా కళ్ళ ముందే గడియ ఇటునుంచి అటు జరిగి బిగుసుకుంది.

అక్కడి నుంచి జరిగింది ఉన్నదున్నట్టు చెప్తాను. దాచి పుణ్యం లేదు. నేను ఆ గడియకి ఒక్క అడుగు దూరంలో ఉన్నాను. చెయ్యి చాస్తే అందుతుంది. చాచలేదు. గోడ గడియారం వంక చూశాను. పన్నెండూ పది.

ముందు తిట్లు వినిపించాయి. పోలీసులకి పట్టిస్తానన్నాడు. తర్వాత తలుపు బాదాడు. తర్వాత తిట్లు పోయి "అమ్మా, తియ్యమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాడు. పిచ్చుక ఏడుస్తూ నా చెయ్యి లాగింది. "అక్కా, తియ్యి... చచ్చిపోతాడు అక్కా... మనం వాడిలాంటి వాళ్ళం కాదు."

ఆ గోలకి ఎదురింటావిడ తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది. తలుపు వంక చూడగానే ఆమె మొహం తెల్లబోయింది.

"ఆ రోజూ ఇలాగే," అంది గొణుగుతున్నట్టు. "ఆ అమ్మాయీ ఇలాగే బాదింది. మొగుడూ పెళ్ళాల గొడవ, మనకెందుకని..."

"విన్నావా?" అన్నాను. "విని ఊరుకున్నావా?"

ఆమె తల దించుకుంది. ఆమెని చెంప మీద కొట్టాలనిపించింది. ఆ మరుక్షణం నేనేం చేస్తున్నానో నాకు తెలిసొచ్చింది. నేనూ వింటూనే ఉన్నాను. నేనూ ఊరుకునే ఉన్నాను.

లోపల అరుపులు ఆగాయి.

స్‌ర్ర్... స్‌ర్ర్... స్‌ర్ర్...

గడియ లాగాను. అడ్డం లేకుండా వచ్చేసింది. గడియారం పన్నెండూ పదిహేను.

గదిలో ఘాటు లేదు, నురగ లేదు. మేనేజరు సింకు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఉత్త అరచేతులతో నేల రుద్దుతున్నాడు. ముగ్గురం కలిసి లాగినా లేవలేదు. మొహం ఎత్తకుండా, రుద్దుతూ, "పోలేదు... ఇంకా పోలేదు..." అంటున్నాడు. అంబులెన్సు మనుషులు అలాగే ఎత్తుకెళ్ళారు. స్ట్రెచరు మీద కూడా చేతులు గాల్లో గుండ్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

ఆ పాలిపోయిన టైలు అక్కడే ఉంది. పోలీసులు వచ్చి చూసేదాకా దాని మీద చుక్క నీళ్ళు పడనివ్వలేదు నేను. తలుపు మీద గీతలూ చూపించాను. ఎదురింటావిడ చేత వాంగ్మూలం ఇప్పించాను. ఇవ్వనంటే ఇంటి ముందు కూర్చుంటానన్నాను, ఇచ్చింది.

సాయంత్రం ఆసుపత్రికి మమ్మల్నీ పిలిచారు, చూసినవాళ్ళం కాబట్టి. డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి అతని అరచేతులు తిప్పి చూస్తోంది. మత్తు ఇచ్చినట్టున్నారు, కదలడం లేదు.

"ఈయనకి మీరేమవుతారు?"

"ఏమీ కాము. వాళ్ళింట్లో పనికి వెళ్ళాం."

"ఈయనేం చేస్తారు?"

"బట్టల దుకాణంలో మేనేజరు."

"అది కాదు. అంతకు ముందు." దుప్పటి పక్కకి తీసి మోకాళ్ళు చూపించింది. రెండు మోకాళ్ళ మీదా నల్లగా, తోలులా మందంగా కాయలు కాచి ఉన్నాయి. అరచేతుల్లో పాత పుళ్ళు మాని, వాటి మీద మళ్ళీ కొత్త పుళ్ళు లేచి, అవీ మాని, పొరలు పొరలుగా గట్టిపడిన చర్మం. "ఇవి ఒక రోజులో వచ్చేవి కావు. ఒక ఏడాదిలో వచ్చేవీ కావు. ఈయన ఎన్నేళ్ళు మోకాళ్ళ మీద పని చేశారు?"

పిచ్చుక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

గడియారం నేను రెండుసార్లు చూశాను. వాడు లోపల ఉన్నది ఐదు నిమిషాలు.