కాస్పియన్ ఉప్పు

శబరి నది ఒడ్డున దొరికిన శవానికి ముఖం లేదు. బండరాయితో మోది చెరిపేశారు. కోటు జేబులో మాత్రం సోవియట్ సిగరెట్లు మిగిలాయి.

"రుస్తుం. డ్రిల్లింగ్ ఎక్స్‌పర్ట్. కాస్పియన్ ఒడ్డున బాకూలో పుట్టాడు," అన్నాడు నిఘా చీఫ్ వెంకటనారాయణ, జగదల్‌పూర్ ఆఫీసు తలుపులు మూసి. "గనుల గెస్ట్‌హౌస్‌లోనూ ఒక రుస్తుం ఉన్నాడు. ఇద్దరిలో ఒకడు నకిలీ. బతికున్నవాడే నకిలీ అయితే, రేపు మధ్యాహ్నం ఇనుపరాయి రైలు సొరంగంలో పేలిపోతుంది."

"రైలు ఆపేస్తే సార్?" అన్నాడు ఏజెంటు ముత్తయ్య.

"ఎల్లుండి రైలు పేలుస్తారు. మనిషే దొరకాలి. నిజమైన అతిథి మీద చెయ్యి చేసుకున్నామో, రెండు దేశాలకీ చెడుతుంది. దుబాసీ మరీనా మన ఏజెంటే. సాయం చేస్తుంది."

ఆ రైలు డ్రైవరు ముత్తయ్య సొంత అన్న భద్రయ్య.

"కాస్పియన్ అంటే సముద్రమే కదా సార్?"

"లోకమంతా తరతరాలు అలాగే అనుకుంది. నిజానికి అది సరస్సు. భూమ్మీద అంతకన్నా పెద్ద సరస్సు లేదు. నదులొచ్చి కలుస్తాయి కాబట్టి సముద్రంలో ఉండే ఉప్పులో మూడో వంతే ఉంటుంది."

ముత్తయ్య మరైగూడ సంతలో ఉప్పు అమ్మిన తిరుపతమ్మ కొడుకు. ఆ మాట వినగానే, చీఫ్ ఇవ్వబోయిన మైక్రోఫోన్ పెన్నును వద్దని వెనక్కి నెట్టాడు.

మర్నాడు బేరర్ వేషంలో పొద్దున్నే గెస్ట్‌హౌస్ పక్కలు సర్దాడు. మధ్యాహ్నం వరండాలో భోజనం వడ్డించాడు. రుస్తుం మెడలో బరువైన కెమెరా ఉంది. పక్కనే ఎర్ర గౌనులో మరీనా. ఆమె నవ్వితే గనుల మేనేజర్లు చేస్తున్న పని మరిచిపోయేవారు. కింద లోయలో పట్టాలు, అవతల సొరంగం కనిపిస్తున్నాయి.

ముత్తయ్య రెండు గ్లాసుల ఉప్పునీళ్లు బల్ల మీద పెట్టాడు. ఒకటి సముద్రమంత ఉప్పన, రెండోది తేలిక.

"సాబ్, మేం సముద్రం చూసింది లేదు. మీ బాకూ నీళ్లు ఎట్లుంటయ్? ఇట్లనా, అట్లనా?"

మరీనా తర్జుమా చేసేలోపే రుస్తుం రెండూ చప్పరించి మొదటి గ్లాసు ఎత్తి చూపాడు. "ఇదీ మా సముద్రం. రెండోది చప్పిడి పులుసు."

మరీనా చేతిలోని చెంచా జారి పడింది. ఆ చప్పుడుకి అతను ఆమె ముఖం చూశాడు, తర్వాత ముత్తయ్య ముఖం. తొణక్కుండా, "ఇంకాస్త ఉప్పు," అని కుడిచెయ్యి చాపాడు. ఎడమ చేత్తో కెమెరా మూత తెరిచాడు. లోపల ఎర్ర మీట ఉంది. కింద రైలు కూత వేసింది.

"మా దగ్గర ఉప్పు చేతికియ్యరు సాబ్. ఇస్తే గొడవైతది."

అంటూనే గుప్పెడు ఉప్పు కళ్లలో కొట్టాడు. వాడు గావుకేక పెట్టి, తడుముకుంటూ ఫోర్కు తీసి ముత్తయ్య భుజంలో దించాడు. ముత్తయ్య మాంసం కత్తి అందుకొని వాడి కుడి అరచేతిని బల్లకు గుచ్చేశాడు. తెల్లటి బల్లగుడ్డ ఎర్రబడింది. అయినా ఎడమ చెయ్యి మీట వైపే పాకుతోంది. ముత్తయ్య ఆ మణికట్టు పట్టుకున్నాడు. ఇంజను సొరంగం దగ్గరికి వచ్చేసింది.

మెడ వెనక చల్లటి ఇనుము తగిలింది.

"వదులు," అంది మరీనా. "అసలు రుస్తుం ఏ దారిన వస్తాడో వీళ్లకి చెప్పింది నేనే."

ముత్తయ్య వదల్లేదు. ఆమె ట్రిగ్గర్ నొక్కింది. క్లిక్. మళ్లీ క్లిక్.

"మీ తలగడ కింద దొరికింది మేడమ్. ఎవర్నీ నమ్మక తూటాలు పొద్దుగాల్నే తీసిన."

ఇంజను చీకట్లోకి దూరింది. ముత్తయ్య ఆ మణికట్టును వెనక్కి విరిచాడు. ఎముక పెళుక్కుమంది. వాడి నుదురు రాతి స్తంభానికి మోదాడు, ఒళ్లు కదలడం ఆగేదాకా. అప్పటికి రైలు అవతల వెలుగులోకి వచ్చింది. పారిపోబోయిన మరీనాను మెట్ల మీదే పట్టుకొని బేడీలు వేశాడు.

సాయంత్రం స్టేషన్ పక్కన బండ మీద భద్రయ్య జావ గిన్నె ముందేసుకొని కూర్చున్నాడు.

"ఏందిరా ఆ నెత్తురు?"

"కోడిని కోసిన అన్నా."

"జావల ఉప్పు లేదు. ఉంటే ఇయ్యి," అని చెయ్యి చాపాడు అన్న.

ఆ చేతిని చూడగానే ముత్తయ్యకు కళ్లు నిండాయి. జేబులోంచి పొట్లం తీసి బండ మీద పెట్టాడు.

"చేతికియ్యనన్నా. ఇయ్యాల్టికి ఒక్క గొడవ చాలు."