ఎర్ర గీత దగ్గర

"అక్కడే ఆగండి. జేబులో తాళాలుంటే తీసేయండి," అంది లోపల యంత్రం నడిపే ఆమె.

నేల మీది ఎర్ర గీత దగ్గర అతను ఆగిపోయాడు. గీత దాటితే గదిలోని పెద్ద అయస్కాంతం ఇనుమన్నదాన్ని లాగేసుకుంటుంది. చేతిలో ఎప్పుడూ పొడి సీసా ఉంటుందని ల్యాబ్‌లో అందరూ అతన్ని పొడి సారు అంటారు.

"తీశాను. ఇంకేమైనా తీయాలా?"

"వాచీ."

"అయినా ఏదో లాగుతోందండి. అయస్కాంతం కాదనుకుంటా."

ఆమె నవ్వలేదు. నవ్వితే ఎక్కడిదాకా పోతుందోనని భయం.

ఆర్నెల్లు గడిచాయి. నవ్వకుండా ఉండటం ఆమె వల్ల కాలేదు. "మీ ఇంటికి ఎప్పుడు రమ్మంటారు?" అని అతను మూడుసార్లు అడిగాడు. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉందని, పాప తండ్రి వదిలేసి వెళ్లాడని మాత్రం ఆమె ఇంకా చెప్పలేదు.

అతని పొడిలో కంటికి కనపడని గదులుంటాయి. వేడి చేసి తేమంతా లాగేస్తే అవి ఖాళీ అవుతాయి. అప్పుడు దాన్ని గాలి తగలకుండా చిన్న గొట్టంలో నింపి, వాయువు ఎక్కించి, మూత బిగించాలి. ఆ పని ఆమెది. ఆ గొట్టాన్ని అయస్కాంతంలో గిర్రున తిప్పితే, వాయువు గదుల్లో చేరిందో లేదో కంప్యూటర్ తెర మీద తెలుస్తుంది.

ఈరోజు తెర మీద గీత చదునుగా ఉండిపోయింది, అంటే వాయువు చేరలేదు.

"నా పొడే పనికిరాదు," అన్నాడు అతను నెమ్మదిగా. "ఏడాది కష్టం. రేపు గైడుకి చెప్పేసి ఈ పరిశోధన ఆపేస్తాను."

తను ఊరుకుంటే అసలు సంగతి ఎవరికీ తెలియదు. ఆమె అతని వైపు తిరిగింది.

"తప్పు పొడిది కాదు, నాది. నిన్న బడి నుంచి ఫోనొచ్చింది. మూత పెట్టకుండానే గొట్టం బయట వదిలేసి పరిగెత్తాను. తేమ పట్టేసుంటుంది. వచ్చాక భయమేసి, ఎవరికీ చెప్పకుండా అందులోకే వాయువు ఎక్కించాను."

"బడి నుంచా?"

"మా పాపకి జ్వరం. ఇంట్లో మేమిద్దరమే."

ఆమె తల ఎత్తలేదు.

"జ్వరం తగ్గిందా?"

ఆర్నెల్లుగా ఆమె ఎన్నో ప్రశ్నలకు జవాబులు సిద్ధం చేసుకుంది, ఈ ఒక్కదానికి తప్ప.

"తగ్గింది," అంది తల ఎత్తి.

"ముందే చెప్పలేదని కోపంగానే ఉంది. పొడిదేముంది, మళ్లీ వేడి చేద్దాం, తేమ పోతుంది. సాయంత్రం పాపని చూడొచ్చా?"

సాయంత్రం ఆమె ఇంటి గుమ్మం దగ్గర అతను ఆగాడు. తాళాలు, వాచీ తీసి పాప చేతిలో పెట్టాడు.

"ఇంకేమైనా తీయాలా?"

పాప అతన్ని కిందికీ పైకీ చూసింది.

"చెప్పులు," అంది, అచ్చం వాళ్లమ్మలా నవ్వకుండా.