మృదంగం ఏ వైపు

రిహార్సల్ నుంచి వచ్చిన సాయిదుర్గ చెప్పులైనా విడవకుండా గదిలోకి వెళ్ళి, వయొలిన్ పెట్టెను మంచం కిందికి తోసి, గోడవైపు తిరిగి పడుకుంది. అనురాధ స్టవ్ కట్టేసి వెనకాలే వచ్చింది. ఏమైందని ఎంత అడిగినా పిల్ల నోరు విప్పలేదు. చాలాసేపటికి తనంతట తనే అంది... "శివప్రసాద్ సార్ నా వంతు తీసేస్తారేమోనమ్మా. ప్రతిసారీ తాళం తప్పుతున్నానంట."

ఏటా చలికాలంలో విశాఖపట్నం నుంచి కచేరీలు చేసే విద్వాంసులు పాడేరులోని ఆ మిషన్ స్కూలుకు వచ్చి, సంగీతం నేర్చుకుంటున్న పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని వేదిక మీద వాయిస్తారు. ఈసారి తొమ్మిదో తరగతి చదువుతున్న సాయిదుర్గకు ఆ అదృష్టం దక్కింది. శివప్రసాద్ గారు వయొలిన్ మీద ఒక వరుస పలికిస్తే, దానికి ఆమె జవాబు పలికించాలి. వరహాలరావు గారి మృదంగం ఇద్దరినీ నడిపిస్తుంది. శనివారం సాయంత్రమే కచేరీ. ఆ కబురు తెలిసిన దగ్గర్నుంచి పిల్ల అన్నం తింటూ కూడా వేళ్ళతో తాళం వేసుకుంటూనే ఉంది. అలాంటి పిల్ల తాళం తప్పడమేమిటి?

అనురాధ మంచం అంచున కూర్చుని జుట్టు నిమురుతూ, "లేమ్మా, నాకు ఒకసారి వాయించి వినిపించు" అంది. పలుకు లేదు. మళ్ళీ అంది. పిల్ల కదల్లేదు. ఎడమచెవి దిండులో నొక్కుకుని ఉంది. పైకి ఉన్న కుడిచెవి పక్కనే తను మాట్లాడుతోంది... అనురాధ చటుక్కున పిల్ల భుజం పట్టి తనవైపు తిప్పుకుంది.

"సాయీ... నేనన్నది వినపడలేదా?"

పిల్ల కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "దీపావళికి జ్వరం వచ్చింది కదా, అప్పట్నుంచి ఆ చెవి పనిచెయ్యట్లేదమ్మా. అదే తగ్గిపోతుందనుకున్నాను. మృదంగం అటుపక్కే ఉంటాది. వయొలిన్ ఈ చెవి కిందే మోగుతుంటే నాకింకేటీ వినపడదు. సార్‌కి మాత్రం చెప్పకు. తెలిస్తే జాలిపడతారు, వాయించనివ్వరు."

అనురాధ ఆ చెవిని చేత్తో నిమిరింది. దాన్నే ఒప్పుకోవడం అనుకుని పిల్ల ఆమె ఒడిలో తల దాచుకుంది.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన భర్త దేవీప్రసాద్ సంగతి విని, "కచేరీ మానిపించీ. సోమవారం విశాఖ తీసుకెళ్ళి డాక్టరుకి చూపిద్దాం" అన్నాడు. అత్తగారు చిన్నమ్మలు భయం మరొకటి. "డాక్టరుకి సూపించు, వద్దన్ను. అంతేగాని ఊరందరికీ సెప్పుకోకండి. ఆడగుంట. రేపు ఎవుడైనా సంబంధానికొత్తే సెవిటిదనేత్తారు. అనూరాదా, నీకే సెప్తన్నాను, నోరిప్పకు."

చెబితే పిల్ల ఆశ కూలిపోతుందేమో... చెప్పకపోతే అంతమంది ఎదుట పిల్ల తలదించుకోవాలేమో... అనురాధ ఎటూ తేల్చుకోలేకపోయింది. మర్నాడు పొద్దున్న సంతకని చెప్పి సంచీ పట్టుకుని బయల్దేరింది. మంచులో దారి సరిగా కనిపించడం లేదు. సంత వైపు తిరగాల్సిన చోట కాళ్ళు స్కూలు వైపు నడిచాయి. ‘నన్ను క్షమించమ్మా’ అని దారంతా కూతురిని మనసులోనే వేడుకుంది.

సంగీతం టీచరు తెరిసమ్మ ఆమెను విద్వాంసులున్న హాల్లోకి తీసుకెళ్ళింది. అనురాధ తడబడుతూ చెప్పిందంతా విని శివప్రసాద్ గారు శ్రుతి సరిచేస్తున్న వయొలిన్ పక్కన పెట్టేశారు.

"సాధన చెయ్యట్లేదనుకుని నిన్న పిల్లని కసురుకున్నానమ్మా" అన్నారు.

వరహాలరావు గారు లేచి మృదంగాన్ని తెచ్చి, పిల్ల కూర్చునే చోటుకు ఎడమవైపు పెట్టుకున్నారు. "ఈ పక్కన కూచుంటాను. నాకు ఎక్కడైనా ఒకటే."

"అది సరే. కానీ రేపు జనం ఉంటారు, గోల ఉంటుంది. వాయిస్తూ వాయిస్తూ పిల్ల బెదిరితే..." శివప్రసాద్ గారి మాటలో సందేహం పోలేదు. "సాయంత్రం వాయించి చూస్తాం. కుదరకపోతే నేనే మెల్లగా చెబుతాను."

ఆ సాయంత్రం సాయిదుర్గ ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"చెప్పీసావు కదా. నేను వెళ్ళేసరికే మృదంగం ఇటు మారిపోయింది."

"తాళం కుదిరిందా తల్లీ?"

"కుదిరింది. అయినా నువ్వు చెప్పీసావు."

అంతే. ఆ తర్వాత పిల్ల ఆమెతో మాట్లాడలేదు. జడ కూడా తనే వేసుకుంది. కోపమైనా భరించవచ్చు గాని, ఆ పరాయిచూపును ఏ తల్లి భరిస్తుంది?

శనివారం హాలు నిండిపోయింది. పల్లెల నుంచి జీపుల్లో వచ్చిన తల్లిదండ్రులు గోడల వెంట కూడా నిలబడ్డారు. చిన్నపిల్లల బృందగానం అయ్యాక సాయిదుర్గ వంతు వచ్చింది. శివప్రసాద్ గారు ఒక వరుస పలికించారు. పిల్ల జవాబిచ్చింది. మరొకటి... దానికీ ఇచ్చింది. అనురాధ అప్పుడే ఊపిరి పీల్చుకోబోయింది. కరెంటు పోయింది. మైకులు మూగబోయాయి. పక్క కిటికీల్లోంచి వస్తున్న సాయంత్రపు వెలుతురులో జనం గొల్లుమన్నారు. పిల్ల బెదిరి అటూ ఇటూ చూసింది. వయొలిన్ తీగల మీద కమాను ఆగిపోయింది.

అనురాధ లేచి నిలబడింది. దేవీప్రసాద్ చెయ్యి పట్టి ఆపాడు.

శివప్రసాద్ గారు తన వయొలిన్ కింద పెట్టేశారు. పిల్ల వైపు తిరిగి, అరచెయ్యి ఆమె కళ్ళకు కనబడేలా ఎత్తి, తొడ మీద తాళం వెయ్యడం మొదలుపెట్టారు. వరహాలరావు గారు మృదంగం ఆపకుండానే ఆమె ఎడమ మోకాలి దాకా జరిగారు. పిల్ల ఆ చేతినే చూస్తూ కమాను ఎత్తింది. ఆయన పలికించాల్సిన వరుసా తనే వాయించింది, జవాబూ తనే వాయించింది. గోల మెల్లమెల్లగా అణిగింది. మైకు లేని ఆ చిన్న నాదం కోసం వెనకవాళ్ళు కూడా ముందుకు వంగారు. పూర్తయ్యాక చప్పట్లు మోగుతుంటే అనురాధ చప్పట్లు కొట్టలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

మెట్లు దిగి వచ్చిన పిల్లను ఆడవాళ్ళు చుట్టుముట్టారు. చిన్నమ్మలు కుడిపక్క నుంచి తోసుకుంటూ వచ్చి, "నా తల్లే, ఎంత బాగా వాయించినావే" అంది. పిల్ల తిరిగి చూడలేదు. ఆవిడ మొహం చిన్నబోయింది. ఏదో ఒకటి చెప్పి సర్దిపుచ్చాలని అనురాధ నోరు తెరిచేలోగా, సాయిదుర్గకు మామ్మ చెయ్యి తగిలింది.

"మామ్మా, ఆ చెవికి వినపడదు. ఇటు రా" అంది అందరికీ వినబడేలా.

చుట్టూ ఉన్నవాళ్ళు ఆవిడ వైపు తిరిగారు. చిన్నమ్మలు ఒకసారి అందరి మొహాలూ చూసింది. కొంగు సర్దుకుని, జనాన్ని తప్పించుకుంటూ మనవరాలి ఎడమపక్కకు వెళ్ళి, ఆ మాటే మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది.

జీపు దగ్గరికి నడుస్తున్నప్పుడు సాయిదుర్గ తల్లి చెయ్యి అందుకుంది.

"సోమవారం డాక్టరు దగ్గరికి నువ్వే రా అమ్మా. ఈ రెండో చెవి సంగతి కూడా అడుగు. ఆయన ఏటి చెప్పినా నా దగ్గర దాచకు."

డాక్టరు ఏం చెబుతాడో తలచుకుంటేనే అనురాధకు భయం వేసింది... అయినా కూతురికి ఎడమవైపుకు వచ్చి, "దాచను తల్లీ" అంది.